జూలై 15

గుడియాత్తంలో వున్న మా తమ్ముడి యింటికి పోయినప్పుడు గోడమీది క్యాలెండరు చూచి కొంచెం ఆశ్చర్యపడ్డాము. ఏకాదశులూ, పాల లెక్కలూ వుండే చోట ఎర్రసిరాతో ఏవో పేర్లు. 2022లో అర్జెంటీనా ప్రపంచ కప్పు గెలిచింది మొదలు, మనవడు ఆ దేశపు ఆటగాళ్ల పుట్టినరోజులు రాసుకుంటున్నాడట. జూలై 15 దగ్గర మారియో కెంపెస్ అని వుంది.

“ఎవరురా యీయన?” అన్నాము.

“అయ్యో తాతా, తెలియదా!” అని వాడు మాకు అరగంట పాఠం చెప్పాడు. కెంపెస్ 1954లో పుట్టాడు. 1978 ప్రపంచ కప్పులో మొదటి మూడు ఆటల్లో ఒక్క గోలూ వేయలేదు. ఆపైన ఆరు వేశాడు, అందులో రెండు ఫైనల్లోనే. హాలెండును 3-1తో ఓడించి అర్జెంటీనా మొదటిసారి కప్పు ఎత్తింది. మీసం తీసేసిన తరువాతే గోళ్లు పడ్డాయని చెప్పుకుంటారట. ఆ మాట అంటూ మా మీసం వంక చూశాడు.

1954 అనగానే మాకు వేరొకటి జ్ఞాపకం వచ్చింది. ఆ ఏప్రిల్ 13న కామరాజుగారు మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి శాసనసభ్యులు కారు. విరుదునగరం మనిషి గుడియాత్తం ఉపయెన్నికలో నిలబడి గెలిచారు. ఆయన పుట్టిందీ జూలై 15నే, 1903లో. ఆ సంగతి వాడికి తెలుసు. బడిలో విద్యాభివృద్ధి దినమని పోటీలు పెడతారు గదా. గెలిపించింది తన ఊరివాళ్లేనని మాత్రం యెవరూ చెప్పలేదు.

“ఆ రోజున పుట్టిన తెలుగావిడ కూడా వున్నారు,” అన్నాము.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వాడు వినలేదు. వాడి తల్లీ వినలేదు. చెప్పని తప్పు మాబోటి పెద్దలది. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టిన ఆమె ఉప్పు సత్యాగ్రహం చేసి మన వేలూరు జైలుకు వచ్చారు. 1940లో కామరాజుగారిని గుంటూరులో పట్టుకుని తెచ్చిందీ వేలూరు జైలుకే. ఆయన లోపల వుండగానే విరుదునగరం వారు మునిసిపల్ చైర్మనుగా ఎన్నుకున్నారు. బాగాయం బస్సులో తొరప్పాడి మీదుగా యెన్నిసార్లు పోయివుంటామో! జైళ్లలో చదువురాని ఆడవాళ్ల అవస్థ చూచిన దుర్గాబాయమ్మ, బయటికి వచ్చి మెట్రిక్ నుంచి మొదలుపెట్టి 1942లో లా పూర్తిచేశారు.

ఇదంతా పిల్లవాడు మర్యాదకు విన్నాడు. 1923 కాకినాడ కాంగ్రెసులో, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ప్రదర్శన గుమ్మం దగ్గర ఆ పద్నాలుగేళ్ల పిల్ల ఆపేసిందని చెప్పేసరికి లేచి కూర్చున్నాడు.

“అయితే గోల్‌కీపరన్నమాట!”

ఎర్రసిరా కలం తెచ్చి కెంపెస్ కింద యిద్దరి పేర్లూ రాశాడు, తమిళ లిపిలో. తెలుగు అక్షరాలు రావు. మేము ఒక కాగితం మీద ‘దుర్గాబాయి’ అని రాసి యిచ్చాము. చూచి మూడుసార్లు దించాడు. ‘ర్గా’ యింకా కుదరలేదు.