బడిలో మన పిల్లలు – 6: చెప్పమంటున్నారు సరే, విన్నాక ఏం చేస్తారు?



పోయిన భాగంలో హాస్టల్ మెస్ గురించి రాశాను. ఈసారి పైకి చిన్నగా కనిపించి ప్రాణాల మీదకి తెచ్చే విషయం. బడిలో పిల్లల్ని ఏడిపించడం.

ముందు ఆ మాట దగ్గరే ఆగుదాం. 'ఏడిపించడం' అనే ఒక్క మాటని మనం ఎన్నిటికి వాడతామో చూడండి. అన్నయ్య చెల్లి చేతిలో జంతిక లాక్కున్నా ఏడిపించడమే. ఎనిమిదో తరగతి పిల్ల వెనక రోజూ బండేసుకుని తిరిగి చున్నీ లాగినా ఏడిపించడమే. నల్లగా ఉన్నావని క్లాసంతా నవ్వినా ఏడిపించడమే. కులం పేరుతో పిలిచినా ఏడిపించడమే. పిల్ల ఇంటికొచ్చి "నన్ను ఏడిపిస్తున్నారమ్మా" అంటే ఇందులో ఏది అమ్మకి వినపడుతుంది? మొదటిదే. "వాళ్ళ జోలికి నువ్వెళ్ళకు" అంటుంది. అక్కడితో ఫిర్యాదు ముగిసింది. మాస్టారికి అది అల్లరి, సర్పంచికి అది పిల్లల గొడవ. నేరం జరిగింది గానీ దానికి ఎవరి నోటా పేరు లేదు.

ఇప్పుడు మా పోలవరం వైపు హైస్కూళ్ళలో కూడా అవగాహన సదస్సులు జరుగుతున్నాయి. మహిళా పోలీసు వస్తారు. గుడ్ టచ్, బ్యాడ్ టచ్ చెబుతారు. 1098 నంబరు బోర్డు మీద రాస్తారు. ముందు దిశ యాప్ అన్నారు, 2025 మార్చి నుంచి శక్తి యాప్ అంటున్నారు. ఇవి దండగ అని నేను అనను. పదమూడేళ్ళ ఆడపిల్ల నోట పోక్సో అనే మాట వస్తోందంటే ఆ సదస్సుల వల్లే. నేను కూడా కొన్నిటికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని విన్నాను.

విన్న ప్రతిసారీ ఒకటే గమనించాను. పాఠమంతా పిల్ల చుట్టూనే తిరుగుతుంది. నువ్వు జాగ్రత్తగా ఉండు. నువ్వు ఒంటరిగా వెళ్ళకు. నువ్వు ఫోన్‌లో ఫొటోలు పెట్టకు. ఏదైనా జరిగితే నువ్వు చెప్పు. చేయాల్సిన పనులన్నీ పిల్లవే. విన్న హెడ్మాస్టరు ఎన్ని గంటల్లో ఏం చేయాలి, చెప్పిన పిల్లని రేపు బడిలో ఎవరు కాపాడాలి, ఇది ఆ గంటసేపట్లో ఒక్కసారి కూడా రాదు. ఇంకో మాట కూడా రాదు. కులం.

కులం రాకుండా మా ఊళ్ళలో ఏడిపించడం గురించి మాట్లాడటం ఎలాగండీ? గోదావరి జిల్లాల్లో కొత్త పిల్లాడు క్లాసులోకి వస్తే కులం ఏంటని నేరుగా అడగరు. "మీ ఇల్లు రామాలయం దగ్గరా, చర్చి దగ్గరా?" అంటారు. ఆ ఒక్క జవాబుతో పక్కన ఎవరు కూర్చోవాలో, వాటర్ బాటిల్ ఎవరిది ఎవరు తాగకూడదో తేలిపోతుంది. అదీ చాలకపోతే బడే చెప్పేస్తుంది. "ఎస్సీ, ఎస్టీ వాళ్ళు లేచి నిలబడండి, కుల ధ్రువీకరణ పత్రాలు తేవాలి" అని నలభై మంది ముందు నిలబెడతారు. స్కాలర్‌షిప్ మన హక్కు. ఆ హక్కుని తీసుకోవడానికి అందరి ముందూ నిలబడాల్సిన పని లేదు. ఆ మధ్యాహ్నం నుంచి ఆ పిల్లాడి పేరు 'స్కాలర్‌షిప్ గాడు'. ఆ పేరు పెట్టింది పిల్లలే, కానీ జాబితా చదివింది బడి.

దీని మీద పోలవరం ఇంకో పొర కలిపింది. ప్రాజెక్టు కోసం ముందుగా ఖాళీ చేయించిన ఊళ్ళు పైడిపాక, రామయ్యపేట, దేవరగొంది, మామిడిగొంది లాంటివి. 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించాక పై ఊళ్ళు కూడా కదిలాయి. జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయి కాలనీతో సహా పునరావాస కాలనీల్లోకి వేల కుటుంబాలు వచ్చాయి. ప్రభుత్వం లెక్కలో ఇది ఇళ్ళు, భూమి, ప్యాకేజీ. పద్నాలుగేళ్ళ పిల్లకి మాత్రం ఇది కొత్త బడి. నిన్నటిదాకా క్లాసంతా తన ఊరివాళ్ళే. ఇవాళ తను ఒక్కతే 'ముంపు పిల్ల'. నాతో మాట్లాడిన పిల్లలు చెప్పే పేర్లు వినండి: ముంపోళ్ళు, కొండోళ్ళు, ప్యాకేజీ వాళ్ళు. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్ల తెలుగు పాఠం పైకి చదివితే నవ్వుతారు. కొండరెడ్ల పిల్లది తెలుగే, అయినా యాస విని నవ్వుతారు. ఆమె నాలుగు రోజులు చదవడం మానేస్తుంది, నెల తర్వాత బడే మానేస్తుంది. రిజిస్టర్‌లో కారణం 'ఆసక్తి లేదు' అని పడుతుంది.

"పిల్లలన్నాక కొట్టుకుంటారు, కలిసిపోతారు, మీరు కులం తేకండి" అంటారు కొందరు పెద్దలు. 1991లో చుండూరు ఎలా మొదలైందో వాళ్ళకి గుర్తు చేయాలి. సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీటు వాడికి తగిలింది. అంతే. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. కుర్రాళ్ళ మధ్య గొడవ కులం ఉన్న ఊళ్ళో కుర్రాళ్ళ మధ్యే ఉండిపోదు.

ఇక 'చెప్పు' అనే పాఠం దగ్గరికి వద్దాం. తమిళనాడు తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో పన్నెండో తరగతి చదివే ఒక దళిత అబ్బాయి సరిగ్గా ఆ పాఠమే పాటించాడు. తోటి విద్యార్థులు కులం పేరుతో వేధిస్తుంటే భరించలేక బడి మానేశాడు, టీచర్లు అడిగితే జరిగింది చెప్పాడు. 2023 ఆగస్టులో ఆ రాత్రే ఆ తోటి విద్యార్థులు కత్తులతో ఇంట్లోకి వచ్చారు. అడ్డుపడిన చెల్లెల్ని కూడా నరికారు. ఇద్దరూ బతికారు. ఆ అబ్బాయి మరుసటి ఏడాది ప్లస్ టూ పరీక్షలు రాసి పాసయ్యాడు కూడా. మన పిల్లలకి నేను ముందు చెప్పేది ఆ చివరి వాక్యమే. పెద్దలకి చెప్పేది మాత్రం వేరే. ఆ పిల్లాడు చేయాల్సినదంతా చేశాడు. ఫిర్యాదు బడి నుంచి నిందితుల చెవికి వెళ్ళింది, రక్షణ మాత్రం ఆ పిల్లాడి ఇంటికి వెళ్ళలేదు.

ఆ ఘటన తర్వాత తమిళనాడు ప్రభుత్వం జస్టిస్ చంద్రు గారితో ఏకసభ్య కమిటీ వేసింది. 'జై భీమ్' సినిమా చూసిన మీ అందరికీ ఆయన తెలుసు. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఆయన బడుల పేర్లలో కులం తీసేయమన్నారు, చేతులకి కట్టే కులం రంగుల దారాలు ఆపమన్నారు, పెద్ద బడుల్లో సంక్షేమ అధికారి ఉండాలన్నారు. అన్నీ అమలయ్యాయా అన్నది అక్కడి ఉద్యమాలు తేలుస్తాయి. నా ప్రశ్న మన గురించి. ఆంధ్రప్రదేశ్‌లో బడిలో కులం మీద అలాంటి ఒక్క కమిటీ కోసం మనం ఎప్పుడైనా రోడ్డెక్కామా?

మనకి ఘటనలు లేక కాదు. 2023 జూన్‌లో బాపట్ల జిల్లా చెరుకుపల్లి మండలంలో పదో తరగతి అబ్బాయిని పెట్రోలు పోసి తగలబెట్టారు. అక్కని ఏడిపించొద్దని అడిగినందుకే అని కుటుంబం చెప్పింది. అతను బీసీ పిల్లాడు. అక్కని కాపాడే పని పదిహేనేళ్ళ తమ్ముడి మీద ఎందుకు పడింది? ఆ మరుసటి నెల జూలైలో మా పోలవరం నియోజకవర్గంలోనే, బుట్టాయగూడెం మండలం పులిరామన్నగూడెం గిరిజన హాస్టల్లో నాలుగో తరగతి కొండరెడ్ల పిల్లాడిని రాత్రిపూట చంపేశారు. శవం దగ్గర బెదిరింపు చీటీ దొరికిందని పత్రికలు రాశాయి. ఎవరు చేశారన్నది కోర్టు పని. ఆ రాత్రి తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఎవరు జవాబుదారీ అన్నది మనం అడగాల్సిన పని. ఏ గుడ్ టచ్ పాఠం ఆ పిల్లాడిని కాపాడేది? నిద్రపోతున్న పిల్లాడు ఏం జాగ్రత్త పడాలి?

అందుకే అంటున్నాను, భద్రత అనేది పిల్లలకి నేర్పే నైపుణ్యం కాదు, పెద్దలు చేయాల్సిన డ్యూటీ. ఇది నా సొంత మాట కాదు, చట్టమే చెబుతోంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. సెక్షన్ 8 బలహీన వర్గాల పిల్లల మీద వివక్ష లేకుండా చూసే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. కాకపోతే ఆ చట్టం 14 ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది, సరిగ్గా ఏడిపించడం ముదిరే వయసులో. అక్కడి నుంచి 18 దాకా జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 ఉంది, తన సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించినా నిర్లక్ష్యం చేసినా శిక్ష. లైంగిక వేధింపు తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోతే పోక్సో సెక్షన్ 21 కింద నేరం. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు. అంటే "పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడదాం" అనే హెడ్మాస్టరు సర్ది చెప్పడం లేదు, నేరం చేస్తున్నాడు. ఆ పిల్లకే టీసీ ఇచ్చి పంపేయడం, ఇంట్లోవాళ్ళు ఆమెకే పెళ్ళి చేసేయడం, ఈ రెండూ మా వైపు మామూలుగా జరిగే 'పరిష్కారాలు'.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. కులం పేరుతో తిట్టిన పద్నాలుగేళ్ళ పిల్లాడి మీద అట్రాసిటీ కేసు పెడదామా? మనలోనే దీని మీద రెండు మాటలున్నాయి. నా మాట ఇది. నలుగురి ముందు అవమానించాలని కులం పేరుతో తిట్టడం 1989 చట్టం కింద నేరం. ఆ మాట ప్రతి పిల్లకీ తెలియాలి, తిట్టేవాడికీ తెలియాలి. అయితే 18 లోపు వాడి సంగతి చూసేది జువైనల్ జస్టిస్ బోర్డు. అది అలాగే ఉండాలి. జైలు బయట మన పిల్లలు ఎంతమంది నిలబడ్డారో చూసిన వాళ్ళం, పిల్లల్ని జైలుకి పంపడం మన కల కాకూడదు. ఆ పిల్లాడికి ఆ మాట ఇంట్లో నేర్పారు, బడిలో ఆపలేదు. వినీ ఊరుకున్న పెద్దవాడిని మాత్రం వదలొద్దు.

మన వైపు కూడా చూసుకుందాం. పేట కుర్రాళ్ళు ఆడపిల్లల వెనక పడితే "వయసు" అంటాం. మన పిల్లలే కొండరెడ్ల పిల్లల్ని కొండోళ్ళు అంటారు. పై కులం వాడు చేస్తే వివక్ష, మనవాడు చేస్తే సరదా అయితే అంబేడ్కర్ పేరు ఎత్తే అర్హత మనకి ఉండదు.

విద్యార్థి సంఘాల్లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కొన్ని పనులు చెబుతాను. మీ మండలంలో ప్రతి హైస్కూలుకీ, హాస్టలుకీ వెళ్ళి అడగండి: రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, పేరు గోడ మీద రాసి ఉందా? సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ అయిందా? 2020 పోక్సో రూల్స్ అది తప్పనిసరి చేశాయి. స్కాలర్‌షిప్ పిల్లల్ని క్లాసులో నిలబెట్టొద్దని రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్ల ఫిర్యాదు చేస్తే కాగితం మీద తేదీ వేయించి రసీదు తీసుకోండి. నోటిమాట ఫిర్యాదు గాలికి పోతుంది, చెప్పిన పిల్ల ఒంటరిగా మిగులుతుంది. ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి ఆ పిల్లతో ఇంటిదాకా ఎవరో ఒకరు నడవండి. నాంగునేరి నేర్పిన పాఠం అదే. 1098తో పాటు 14566 నంబరు కూడా ఆ బోర్డు మీద రాయించండి, ఎస్సీ ఎస్టీల మీద దాడులకి అది జాతీయ హెల్ప్‌లైన్.

"చెప్పు" అని పిల్లకి చెప్పే ముందు, "విన్నాక నేను ఇది చేస్తాను" అని పెద్దవాళ్ళు సంతకం పెట్టాలి. ఆ సంతకం అడగడమే ఇప్పుడు మన ఉద్యమం.

వచ్చే భాగంలో, బడి మానేసిన పునరావాస కాలనీల ఆడపిల్లల గురించి.

జై భీమ్.