‘డైరెక్టు’ మరమ్మతు ఇక చాలును

శోభనాచలము పాదమున ఒదిగిన ఆగిరిపల్లిలోను, అచటినుండి నూజివీడు దాక పరచుకొన్న మామిడితోటల నడుమ గల పల్లెలలోను, వైశాఖ జ్యేష్ఠములలో ఫ్రిజ్ చెడిపోవుట కంటె గృహస్థునకు పెద్ద చిక్కు మరియొకటి లేదన్నను అతిశయోక్తి కాదు. తోటలో కాయకోత, ఇంట ఆవకాయ మాగాయల సందడి, సెలవులకు వచ్చిన మనుమల అల్లరి, నిప్పులు చెరుగు ఎండ, ఇవన్నియు ఒక్కుమ్మడిగా కూడిన వేళ పాలు విరిగి, పెరుగు పులిసి, ఇల్లాలు కబురంపగా వచ్చిన మెకానిక్కు ఫ్రిజ్ తలుపు తెరచి, బల్బు ప్రక్కనున్న గుండ్రని మీటను అటునిటు త్రిప్పిచూచి, డబ్బాలోని రెండు తీగెలను ఊడబెరికి, వానిని ఒకదానితో నొకటి మెలివేసి టేపు చుట్టును.

“పిన్నిగారూ, థర్మోస్టాట్ పోయింది. డైరెక్టు చేసేశాను. ఇప్పటికి నడిచిపోద్ది.”

“ఎన్నాళ్ళు నడుస్తుంది నాయనా?”

“మామిడికాయల సీజన్ వెళ్ళనీండి, కొత్తది తెచ్చి వేస్తాను.”

సీజను వెళ్ళును, మెకానిక్కు రాడు, ఫ్రిజ్ నడుచుచునే యున్నది గనుక ఇంటివారును అతనిని పిలువరు. మన గ్రామసీమలలో మరమ్మతు పేర సాగుచున్న ఈ అలవాటు ఫ్రిజ్ విషయమున నష్టకరము, గీజరు విషయమున ప్రాణాంతకము. దీనిని చేయువారును, చేయించుకొనువారును కూడ మానుకొనవలసిన సమయము వచ్చినదని నా అభిప్రాయము.

థర్మోస్టాటు చూపునకు అగ్గిపెట్టె కంటె ఏమంత పెద్దది కాదు. ఫ్రిజ్‌లోని దానికి దారమంత సన్నని లోహపు గొట్టము తోకవలె వ్రేలాడుచుండును. ఆ తోక కొన మంచు కట్టు పలకను అంటి బిగింపబడి యుండగా, గొట్టములోని వాయువు చలికి సంకోచించి, వెచ్చదనమునకు వ్యాకోచించి, లోపలి చిన్న తిత్తిని కదల్చును. తిత్తి కదలికతో స్విచ్చి తెరచుకొనుచు మూసికొనుచు, కంప్రెసరు ఎప్పుడు తిరుగవలెనో ఎప్పుడు ఆగవలెనో నిర్ణయించును. గీజరులోనిది వేరు జాతి. ఇత్తడి గొట్టము, దాని గర్భమున వేడికి అంతగా సాగని వేరొక లోహపు కడ్డీ. ఈ రెండింటి సాగుదలలో గల భేదమే అచట స్విచ్చిని విడదీయును. పదునేడవ శతాబ్దిలో డ్రెబెల్ అను డచ్చి మేధావి కోడిగుడ్లు పొదుగు పెట్టెలో వేడిని తనంత తానే సర్దుకొనునట్లు చేసిననాటి నుండి, 1883లో వారెన్ జాన్సన్ అను అమెరికా ఉపాధ్యాయుడు విద్యుత్తుతో పనిచేయు గది థర్మోస్టాటునకు పేటెంటు పొందిననాటి వరకు, బుద్ధిమంతులు పడిన శ్రమ యంతయు మనుష్యుడు ప్రక్కన కాచుకొని కూర్చుండనక్కరలేకుండ చేయుటకే గదా! ఆ కావలిని తొలగించి తీగెలు కలిపివేయుట, చెరువు తూమునకు తలుపు పెరికివేసి ఇక నీటికి కొదువ లేదని సంబరపడుట వంటిది.

ముందుగా ఫ్రిజ్ లెక్క చూతము. నూరు వాట్ల కంప్రెసరు అహోరాత్రము ఆగక తిరిగినచో దినమునకు 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు కాలును. సక్రమముగా ఆగుచు సాగుచు నడచు చిన్న ఫ్రిజ్ అందులో సగము కూడ వాడదు. ఈ అదనపు యూనిట్లు శ్లాబును దాటించినచో, మరమ్మతులో మిగిలెననుకొన్న కొన్ని వందల రూపాయలు రెండు మూడు బిల్లులలోనే హరించిపోవును. పాలు గడ్డకట్టుట, అడుగు అరలోని కూరలు మంచుపట్టి మరునాటికి చీకిపోవుట, విరామమెరుగని కంప్రెసరు అకాలమున కాలిపోవుట తరువాతి కథ.

ఇందులో నాకు వింతగా తోచునది ఒకటి కలదు. ఉష్ణోగ్రతలో రెండు డిగ్రీల తేడా యెంత చేటు తెచ్చునో ఈ ప్రాంతమువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. పచ్చికాయను 13 డిగ్రీలకు దిగువన చాలకాలముంచినచో అది చలిదెబ్బ తిని, తోలు నల్లబడి, సరిగ మాగదు. కార్బైడు వాడుక నిషిద్ధమైన తరువాత వచ్చిన ఇథిలీను గదులలో కాయను మాగబెట్టువారు వేడిని 20 డిగ్రీలకు అటునిటుగా నిలుపుటకు ఎంత జాగ్రత్త పడుదురో చూచినవారికే తెలియును. చిన్నరసము చేతితో తాకి, ముక్కునకు చేర్చి, ఇది రేపటికా ఎల్లుండికా అని చెప్పగల రైతు, తన వంటింటి ఫ్రిజ్‌కు కొలమానమే లేకుండ చేసికొని నిశ్చింతగా నిద్రించుచున్నాడు. వ్యాపారమునకు థర్మోస్టాటు, సంసారమునకు డైరెక్టు!

గీజరు మాట వేరు. ధనుర్మాసపు తెల్లవారుజామున తప్ప మన ప్రాంతమున దాని అవసరము అంతగా లేదు గాని, ఉన్న కొద్ది దినములలోనే అది ప్రమాదకారి కాగలదు. 15 లీటర్ల తొట్టిలోని 25 డిగ్రీల నీటిని 2000 వాట్ల కాయిలు 60 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 18 నిమిషములు చాలును. అచట థర్మోస్టాటు ఆపవలెను. అది లేనప్పుడు, స్విచ్చి వేసిన మనిషి పాలవానితో మాటలలో పడి మరచిన యెడల, ఇంచుమించు 40 నిమిషములకు నీరు సలసల మరుగును. తొట్టి మూసియున్నది; ఆవిరి వెలుపలికి పోవుటకు మిగిలిన దారి పీడనము తగ్గించు వాల్వు ఒక్కటే; బోరునీటి సున్నము పేరుకొని అదియు బిగిసిపోయినచో ఏమగునో వివరింపనక్కరలేదు. థర్మోస్టాటు విఫలమైనప్పుడు అడ్డుపడుటకు థర్మల్ కటౌటు అను రెండవ రక్షణ గలదు. తరచుగా కొట్టివేయుచున్నదని దానిని సైతము డైరెక్టు చేయు ఘనులు కలరు.

మరి సరియైన పద్ధతి ఏమి? ముందు స్విచ్చిని కాదు, ఎం.సి.బి.ని ఆపవలెను, ఏలయన, పాత ఇండ్లలో స్విచ్చి ఫేజునకు గాక న్యూట్రలునకు వేసియుండుట కద్దు, అట్టిచోట స్విచ్చి ఆపినను లోపలి తీగె ప్రాణముతోనే యుండును. తరువాత టెస్టరుతో ప్రతి కొనను తాకి చూడవలెను. ఊడదీయుటకు ముందు సెల్‌ఫోనుతో తీగెల ఫోటో తీసికొనుట ఈ కాలపు కుర్రవాండ్ర మంచి తెలివి, పెద్దవారును నేర్వదగినది. క్రొత్తది పాతదాని ఆంపియర్లు, కడ్డీ పొడవు గలదై యుండవలెను. ఫేజు థర్మోస్టాటు గుండ, కటౌటు గుండ కాయిలును చేరును. న్యూట్రలు నేరుగా కాయిలు రెండవ కొనకు పోవును. ఆకుపచ్చ తీగె తొట్టి లోహమునకు బిగియును. స్క్రూలు వదులైనచో అచటనే వేడి పుట్టి తీగె మాడును. ఇంత చేసియు, గోడలోని మూడవ రంధ్రము వెనుక ఎర్తు తీగెయే లేకపోయినచో పని సగమే. ఎండకాలమున బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంత ఎండి బీటలు వారును. దానిలో అప్పుడప్పుడు రెండు బిందెల నీరు పోయించు ఇల్లు మన ఊళ్ళలో ఎన్ని?

డల్లాసులో నున్న కుమారుడు వీడియో కాలులో, “నాన్నా, నేనిక్కడ థర్మోస్టాట్ నేనే మార్చుకున్నాను, నువ్వూ మార్చెయ్,” అని ధైర్యము చెప్పుచుండుట వినుచున్నాము. అచటి గోడమీది థర్మోస్టాటునకు సాధారణముగా వచ్చునది 24 వోల్టులు మాత్రమే. ఆర్, డబ్ల్యూ, వై, జి, సి అని అక్షరములు వ్రాసిన మరలకు రంగురంగుల సన్నని తీగెలు బిగించుట అచటి పని. తప్పు కలిపినచో ఎక్కువభాగము పోవునది చిన్న ఫ్యూజు. ఇచట గీజరు కప్పు క్రింద కాచుకొనియున్నది 230 వోల్టులు. కొడుకు సలహా ప్రేమతో వచ్చినదే గాని, కొలది తెలిసినది కాదు.

మెకానిక్కులనే నిందించుట న్యాయము కాదు. ఆ థర్మోస్టాటు కొరకు అతడు నూజివీడుకో బెజవాడకో పోవలెను. పోయివచ్చిన పూట కూలి ఎవరును ఈయరు. పది నిమిషములలో పని ముగించినవానిని ప్రజ్ఞావంతుడనియు, రెండు దినములు ఆగుమన్నవానిని చేతకానివాడనియు లెక్కించునది మనమే. విద్యుత్ భద్రతా నిబంధనలు 250 వోల్టులు మించని గృహోపకరణముల మార్పిడికి, అది ఏర్పాటు యొక్క సామర్థ్యమును గాని స్వభావమును గాని మార్చనంతవరకు, లైసెన్సు గల కాంట్రాక్టరును తప్పనిసరి చేయలేదు. సదుద్దేశముతో ఇచ్చిన సడలింపే. కాని వేడిని ఆపు సాధనమును పెరికివేసిన గీజరు స్వభావము మారలేదని ఎవరనగలరు? నా బుద్ధికి అట్టి పని ఆ సడలింపు క్రిందికి రాదు.

ఫ్రిజ్ విషయమున కొంత పట్టువిడుపు ఉండవచ్చును. విడిభాగము వచ్చువరకు డైరెక్టు చేసి, ఇంటివారే ప్లగ్గు వేయుచు తీయుచు గడుపుకొనినచో నేను తప్పు పట్టను. గీజరుకు మాత్రము ఒక్క పూటకైనను వలదు; ప్లగ్గు పీకి, పొయ్యిమీద కాగు పెట్టుకొనుట మేలు. ఐ.టి.ఐ.లలో రెండేండ్లు ఏసీ, రెఫ్రిజిరేషను పని నేర్చి వచ్చు కుర్రవాండ్రు మన మండలములలోనే నిలిచి దుకాణము పెట్టునట్లు బ్యాంకులు చేయూత నీయవలెను. ఊళ్ళోని ఎలక్ట్రికల్ దుకాణములవారు, మామిడి కొట్లవారు కోతకు ముందే పెట్టెలు, గడ్డి దింపుకొనునట్లే, ఉగాది నాటికి వాడుకలోనున్న నాలుగైదు రకముల థర్మోస్టాటులను తెప్పించి యుంచవలెను. ఇంటివారు మరమ్మతుకు సొమ్ము చెల్లించునప్పుడు, తీసివేసిన పాత భాగమును చేతికి ఇమ్మని అడిగి, క్రొత్తదాని పేరును చీటిమీద వ్రాయించుకొని, మెకానిక్కు నూజివీడు పోయివచ్చిన బస్సు చార్జీలతోపాటు పూట కూలిని కూడ లెక్కలో కలిపి ఈయవలెను.