రోమ్‌లో క్రైస్తవులం, ఊళ్లో ఎవరం?

2025 ఆగస్టు 2 రాత్రి రోమ్ శివార్లలోని తోర్ వెర్గాతా మైదానంలో దాదాపు 10 లక్షల మంది యువతీయువకులు ఆరుబయటే నిద్రపోయారు. కతోలిక తిరుసభ జరుపుకొన్న జూబిలీ సంవత్సరంలో యువజనుల కోసం కేటాయించిన వారం అది. మా విచారణ నుంచి వెళ్లిన 11 మంది పిల్లలూ, వారికి తోడుగా వెళ్లిన నేనూ ఆ జనంలో ఉన్నాం. పక్కన ఎవరు పడుకున్నారో, వారిది ఏ దేశమో, ఏ రంగో అడిగినవారు లేరు. ఒకరి నీళ్లసీసా మరొకరు అందుకున్నారు, ఒకరి దుప్పటిలో ముగ్గురు తలదాచుకున్నారు. మా ఊళ్లో సమాధుల తోట రెండు ముక్కలుగా ఉంటుంది. అటువంటి ఊరి నుంచి వెళ్లిన నాకు ఆ రాత్రి కంటినిండా నిద్ర పట్టలేదు. అందుకు కారణం సంతోషం ఒక్కటే కాదు.

అంతకు మూడు రోజుల ముందు మా బృందం పునీత పేతురు దేవాలయంలోని పవిత్ర ద్వారం దాటింది. యాత్రికుల బృందాలు కొయ్య సిలువను ముందు పెట్టుకుని ప్రార్థనలు చెప్పుకుంటూ ఆ ద్వారం వరకు నడవడం అక్కడి ఆచారం. మా సిలువను దారి పొడవునా మోసింది వాడ నుంచి వచ్చిన అబ్బాయి. బయటికి వచ్చాక ఫొటో కోసం అందరం వరుసగా నిలబడ్డాం. అప్పుడా అబ్బాయి సిలువను పక్కవాడి చేతికిచ్చి తప్పుకున్నాడు. వాడ నుంచే వచ్చిన మరో ఇద్దరూ అతని వెనకే వెళ్లారు. బిడియమనుకున్నాను. ఆ సాయంత్రం అతనే నా దగ్గరికి వచ్చి, "అన్నా, మీ ఫోనులో నేను పడ్డ ఫొటోలేమైనా ఉంటే తీసెయ్యండి. గ్రూపులో మాత్రం పెట్టకండి" అన్నాడు. అతను గ్రూప్-2 పరీక్షకు చదువుతున్నాడు. అతని కులధ్రువీకరణ పత్రంలో ఎస్సీ అనీ, మతం హిందూ అనీ ఉంది. జ్ఞానస్నానం పొందిన పేరు ఒకటి, బడిలో రాయించిన పేరు మరొకటి. యాత్రికుల గుర్తింపు కార్డు మీద పాస్‌పోర్టులోని పేరే పడింది. పక్కనున్న నేస్తాలు మాత్రం అతణ్ని గుడిలో పెట్టిన పేరుతోనే పిలుస్తున్నారు. తన విశ్వాసానికి మూలస్థానంగా భావించే చోట కూడా ఆ యువకుడు తన పేరు తాను ధైర్యంగా చెప్పుకోలేకపోయాడు.

నా సంగతి వేరు. మా నాన్న నా బడి దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయించారు. కాబట్టి నేను బీసీ-సీ. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ క్రైస్తవంలోకి మారిన ఎస్సీల కోసం కేటాయించిన ఒక్క శాతంలో నేనొకణ్ని. నిజం చెప్పినందుకు చెల్లించిన మూల్యం ఏమిటో నాకు తెలుసు. అందుచేతనే, ఆ మూల్యం చెల్లించలేని పిల్లలను అబద్ధాలకోరులని అనడానికి నాకు నోరు రాదు.

జూబిలీ అనే మాటకు మూలం బైబిలులోని లేవీయకాండము 25వ అధ్యాయంలో ఉంది. యాభయ్యో ఏట బానిసలను విడిచిపెట్టాలి, చేయి మారిన భూమిని అసలు కుటుంబానికి తిరిగి అప్పగించాలి అని ఆ అధ్యాయం చెబుతుంది. దళిత పాఠకులకు ఇంతకంటే దగ్గరి పండుగ మరొకటి ఉండదు. ఇప్పుడు 25 ఏళ్లకొకసారి రోమ్‌లో సాధారణ జూబిలీ జరుగుతున్నది. 1950 కూడా అటువంటి జూబిలీ సంవత్సరమే. సరిగ్గా ఆ ఏడాదే, ఆగస్టు 10న, భారత రాష్ట్రపతి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వును జారీ చేశారు. హిందూ మతం కాక వేరొక మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డ్ కులస్తునిగా పరిగణించరాదని దాని మూడో పేరా నిర్దేశించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరుచుకుంది. క్రైస్తవులకు, ముస్లింలకు నేటికీ తెరుచుకోలేదు. మేము రోమ్ నుంచి తిరిగివచ్చిన వారంలోనే ఆ ఉత్తర్వుకు 75 ఏళ్లు నిండాయి.

న్యాయస్థానాలు ఈ పేరాను ఎలా చదువుతున్నాయో చూడండి. మద్రాసులో చెప్పులు కుట్టుకునే సూసై అనే దళిత క్రైస్తవుడు, తోటి చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు తనకూ కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. మతం మారిన తరువాత కూడా కులం తెచ్చిపెట్టే వైకల్యాలు అంతే తీవ్రతతో కొనసాగుతున్నాయని రుజువు చూపలేదంటూ 1985లో న్యాయస్థానం అతని వాదనను తోసిపుచ్చింది. చెప్పులు కుట్టే పని మారలేదు, కూర్చునే రోడ్డు పక్క చోటూ మారలేదు. మారింది ప్రార్థన ఒక్కటే. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో, క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అన్నది. 2025లో ఒక పాస్టర్ కేసులో, క్రైస్తవంలోకి మారిన వ్యక్తి అట్రాసిటీ చట్టాన్ని ఆశ్రయించజాలడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ అబ్బాయి ఫొటోకు భయపడ్డాడంటే అతని భయానికి ఆధారం ఈ తీర్పులలోనే ఉంది.

ఇందులోని వైరుధ్యం చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో క్రైస్తవుల జెరూసలేం యాత్రకు ఇచ్చే సాయాన్ని, ఏటా మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 40 వేల నుంచి 60 వేల రూపాయలకు పెంచింది. యాత్రకు వెళతానంటే నువ్వు క్రైస్తవుడివే, ఇదిగో డబ్బు అంటుంది పాలన. అదే వ్యక్తి తన పుట్టుక గురించి, తన మీద జరిగిన దాడి గురించి మాట్లాడితే, నువ్వు క్రైస్తవుడివి కాబట్టి నీకు కులం లేదు అంటుంది చట్టం. కర్నూలు ప్రాంతపు దళిత కుటుంబంలో పుట్టిన పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ దళితులలోనూ ఆ పదవి పొందిన తొలి వ్యక్తి ఆయనే. 2025 మే నెలలో కొత్త పోపును ఎన్నుకున్న సభలో ఆయన ఓటు వేశారు. ఆయన పుట్టిన కులాన్ని ప్రపంచమంతా గుర్తించి రాసింది. మన చట్టం ప్రకారం మాత్రం ఆయన షెడ్యూల్డ్ కులస్తుడు కారు.

అయితే వేలెత్తి ఢిల్లీని మాత్రమే చూపి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. తెలుగు నేల కతోలికులలో అత్యధికులు మాల, మాదిగలే. పద్దెనిమిదవ శతాబ్దంలో జెస్యూట్ గురువుల కాలంలో విశ్వాసంలోకి వచ్చిన రెడ్డి, కమ్మ కుటుంబాలు కులాన్ని గుడి గుమ్మం బయట విడిచి రాలేదు. మా బృందంలో 11 మందికి వాడ పిల్లలు ముగ్గురే ఎందుకయ్యారు? మనిషికి రెండు లక్షలు దాటిన ఖర్చును ఎవరు భరించగలరన్న లెక్క తప్ప వేరే ఎంపిక ఏదీ జరగలేదు. ఒక తల్లి డ్వాక్రా రుణం తీసింది, మరొక తల్లి మెడలోని బంగారం కుదువపెట్టింది. తిరిగివచ్చిన రోజున గుడి ముందు స్వాగత ఫ్లెక్సీ కట్టారు. అందులో ఎనిమిది ముఖాలే ఉన్నాయి. తమ ఫొటోలు వద్దని ఆ ముగ్గురే చెప్పారు. ఎందుకు వద్దన్నారని విచారణ పెద్దలలో ఒక్కరూ అడగలేదు. ఫ్లెక్సీ చూసినవారు మాత్రం, రోమ్‌కు వెళ్లింది ఊరి పిల్లలేననుకున్నారు. కొయ్య సిలువను మోసినవాడు ఆ విధంగా మా విచారణ చరిత్రలో లేకుండాపోయాడు.

కులవివక్ష తిరుసభలోనూ ఉన్నదని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో ప్రకటించిన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. ఒప్పుకోలు మంచిదే. పాపసంకీర్తనానికి వెళ్లిన ప్రతి కతోలికుడికీ తెలుసు, ఒప్పుకున్న తరువాత ప్రాయశ్చిత్తం ఉంటుందని. సమాధుల తోటలోని గోడ కూల్చడానికి పార్లమెంటు అనుమతి అక్కరలేదు. యాత్రలకు, ఉన్నత విద్యకు వాడ పిల్లల కోసం నిధి ఏర్పాటు చేయడానికి రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డురాదు. ఈ పనులు చేయని సభ ఆగస్టు 10న నల్లబ్యాడ్జీ ధరిస్తే, ఆ నలుపు కొంత దాని మీద కూడా పడుతుంది.

క్రైస్తవంలో కులం లేదు గనుక రిజర్వేషన్ అడగరాదు అనేవారికి పై ఒప్పుకోలే సమాధానం. సిక్కు, బౌద్ధ మతాలు కూడా కులాన్ని అంగీకరించవు. వారికి వర్తించిన న్యాయం వీరికి ఎందుకు వర్తించదో చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఇంకొక అభ్యంతరం హిందూ దళిత సోదరులది. ఉన్న 15 శాతంలో కొత్తవారు వచ్చి చేరితే మా వాటా ఏమవుతుంది అని వారడుగుతున్నారు. దశాబ్దాల పోరాటం తరువాత వర్గీకరణను సాధించుకున్న సమయంలో ఆ భయాన్ని స్వార్థమని కొట్టిపారేయడం అన్యాయం. కనుక మూడో పేరా రద్దుతో పాటు, పెరిగే జనాభా మేరకు వాటా కూడా పెరగాలన్నది మన కోరిక కావాలి. దళిత క్రైస్తవులు దళితుల నోటికాడి ముద్దను అడగకూడదు, అడగనవసరం లేదు కూడా.

మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తెంచాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. దాన్ని పక్కనపెట్టిన కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించి రెండేళ్ల గడువిచ్చింది. ఆ గడువును పొడిగించింది. ఈలోగా మరొక తరం రెండు పేర్లతో పెరుగుతున్నది. అబద్ధం చెప్పేదాకా మనిషిని నెట్టి, చెప్పాక మోసగాడివని శిక్షించే చట్టాన్ని ఏ నీతిశాస్త్రం సమర్థిస్తుంది?

2027 ఆగస్టులో సియోల్ నగరంలో ప్రపంచ యువజన దినోత్సవం జరగబోతున్నది. మా విచారణ యువత ఇప్పటి నుంచే దాని గురించి మాట్లాడుకుంటున్నారు. మొన్న ఆ అబ్బాయి కనిపిస్తే, సియోల్‌కు వస్తావా తమ్ముడూ అని అడిగాను. "ఉద్యోగం వచ్చాక అయితే అసలు రాలేనన్నా, రాకపోతే చూద్దాం" అన్నాడు. ఉద్యోగం వస్తే దేవుడి దగ్గరికి బహిరంగంగా వెళ్లే దారి మూసుకుంటుంది, ఆ దారిన వెళితే ఉద్యోగం పోతుంది. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకొమ్మని ఊరి పిల్లలను ఎవరూ అడగడం లేదు. వాడ పిల్లలను అడుగుతున్న ఆ ప్రశ్నను ప్రభుత్వమూ, తిరుసభా రెండూ వెనక్కి తీసుకోవాలి.