నానో కర్బనానికి పరీక్ష మూసీ నీటిలోనే జరగాలి

వ్యర్థజలాల శుద్ధిలో కర్బన నానో పదార్థాల వినియోగంపై వెలువడుతున్న పరిశోధనా పత్రాలలో అధిక భాగం ఒకే మూసలో సాగుతుంటాయి. స్వేదనజలంలో కొంత మిథిలీన్ బ్లూ రంగునో, సీసపు లవణాన్నో కరిగిస్తారు. అందులో గ్రాఫీన్ ఆక్సైడ్‌ను గాని, కర్బన నానో నాళికలను గాని కలిపి, కొద్దిసేపటిలోనే కాలుష్యం దాదాపు పూర్తిగా తొలగినట్లు చూపుతారు. ఫలితం నిజమే. కాని అటువంటి నీటితో ఏ రైతూ పొలం తడపడు.

ఈ పదార్థాలపై ఆశ పెట్టుకోవడానికి కారణం లేకపోలేదు. అధిశోషణం ఉపరితలం మీద జరిగే చర్య. సిద్ధాంతరీత్యా ఒక గ్రాము గ్రాఫీన్ ఉపరితలం సుమారు 2,630 చదరపు మీటర్లు. మన లెక్కలో ఇరవై ఆరు గుంటల నేల. సాధారణ యాక్టివేటెడ్ కార్బన్‌కు ఇది 500 నుండి 1,500 వరకు ఉంటుంది. అయితే నీటిలో గ్రాఫీన్ పొరలు ఒకదానికొకటి అతుక్కుపోవడం వలన ఆ గుంటలన్నీ మనకు దక్కవు.

హైదరాబాదు దిగువన పీర్జాదిగూడ మొదలు ప్రతాపసింగారం వరకు మూసీ నీటితో వరి, పారాగడ్డి సాగవుతున్నాయి. లవణాలు పేరుకొని వరికి పనికిరాకుండా పోయిన మళ్ళలో గడ్డి వేసిన రైతులున్నారు. ఆ గడ్డి నగరంలోని గేదెలకు మేత. ఆ నీటిలో సబ్బు, కుళ్ళిన సేంద్రియ పదార్థం, కాల్షియం, సోడియం అన్నీ కలిసే ఉంటాయి. అధిశోషకంపై సీసం కూర్చోవలసిన చోటును వీటిలో కొన్ని ముందే ఆక్రమిస్తాయి. రైతును అన్నిటికంటె ఎక్కువగా బాధించే ఉప్పునేమో కర్బనం పెద్దగా పట్టుకోదు. మురుగులోని నత్రజని, భాస్వరం రైతుకు ఉచితంగా లభించే ఎరువు; వాటిని పూర్తిగా తొలగించడం అతనికి మేలు కాదు. కనుక సాగునీటి విషయంలో మన లక్ష్యం భారలోహాలు, ఔషధ అవశేషాలు, పారిశ్రామిక రంగులకు పరిమితం కావడం సమంజసం.

తయారీ విధానాన్నీ ప్రశ్నించవలసి ఉంది. గ్రాఫీన్ ఆక్సైడ్ తయారీకి నేటికీ ఆధారంగా ఉన్న 1958 నాటి హమ్మర్స్ పద్ధతిలో గాఢ గంధకామ్లం, పొటాషియం పర్మాంగనేట్ వాడతారు. ఉత్పన్నాన్ని పదేపదే కడగగా వచ్చే ఆమ్లజలం సంగతి పత్రాలలో అరుదుగా కనిపిస్తుంది. మురుగును శుద్ధి చేయబోయి మరొక మురుగును పుట్టిస్తున్నామన్నమాట! దీనికి భిన్నంగా, మద్రాసు ఐఐటీలో ఆచార్య ప్రదీప్ బృందం 2012లో పంచదారను ఇసుకపై వేడిచేసి గ్రాఫీన్ పూతగా మార్చి నీటిశుద్ధికి వాడింది. ఇసుకను అంటిపెట్టుకున్న పదార్థం వడపోత గొట్టంలోనే నిలిచే అవకాశం ఎక్కువ. విడిపొడిలాగ కాలువలోకి కొట్టుకుపోయే భయం తక్కువ.

ఈ భయం అకారణం కాదు. కర్బన నానో నాళికలు టమాటా విత్తనపు పొరను చీల్చుకొని లోపలికి చేరి మొలకను వేగపరచినట్లు 2009లో ఒక అధ్యయనం ప్రకటించింది. దానిని శుభవార్తగా స్వీకరించినవారు ఉన్నారు. నాకు మాత్రం అందులో, శుద్ధి తొట్టి దాటిన పదార్థం పైరులోకి ప్రవేశించగలదన్న హెచ్చరికే ముందుగా కనిపించింది.

అందువలన మన విశ్వవిద్యాలయాలు నానో అధిశోషకాలపై స్నాతకోత్తర పరిశోధనను ఆమోదించే ముందు కొన్ని షరతులు విధించాలి. ప్రయోగం పొలం కాలువ నుండి తెచ్చిన నీటితో, కనీసం ఒక పంటకాలం సాగాలి. పక్కనే కొబ్బరిచిప్ప కార్బన్, పత్తికట్టెల బయోచార్ గొట్టాలను కూడ నిలబెట్టి, వెయ్యి లీటర్లకు అయ్యే ఖర్చును పోల్చాలి. గడ్డిలోనూ, దానిని మేసిన గేదె పాలలోనూ లోహాలను కొలవాలి. వాడి తీసివేసిన పదార్థంలో సీసం, కాడ్మియం చేరి ఉంటాయి. దానిని ఎవరు, ఎక్కడికి తరలిస్తారో ప్రతిపాదనలోనే వ్రాయించాలి. పత్తికట్టెల బొగ్గే సరిపోతుందని తేలితే ఆ ఫలితాన్నీ ఇంతే గౌరవంగా ప్రచురించాలి.