న్యూరోపెప్టైడ్ పేరుతో పాత కర్మ సిద్ధాంతం

క్రాన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ వంటి పేగువాపు జబ్బులకు మూలం మనసేనట. ధ్యానం చేస్తే న్యూరోపెప్టైడ్లు సర్దుకుని పేగు బాగుపడుతుందట, మందులు అక్కర్లేదట. మా పుదుచ్చేరిలో ఈ మాట శాస్త్రం వేషంలో తిరుగుతోంది.

అసలు సంగతి చూద్దాం. 1931లో ఆయిలర్, గాడమ్ అనే శాస్త్రజ్ఞులు గుర్రం మెదడులోనూ పేగులోనూ కనిపెట్టిన న్యూరోపెప్టైడే సబ్‌స్టెన్స్ పి. 11 ఎమైనో ఆమ్లాల గొలుసు. పేగు గోడలోని నరాలూ దాన్ని తయారుచేస్తాయి. అది రక్తనాళాలను వెడల్పు చేసి, రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది. మానసిక ఒత్తిడి ఈ జబ్బుల బాధను పెంచవచ్చన్నదీ నిజమే.

కానీ మంటను ఎగదోసేది కనబడితే నిప్పు పెట్టినవాడు దొరికినట్టా? జన్యువులు, పేగులోని సూక్ష్మజీవులు, దారితప్పిన రోగనిరోధక వ్యవస్థ మాటేమిటి? సబ్‌స్టెన్స్ పి పనిని అడ్డుకునే ఎప్రెపిటెంట్ 2003లో మందుగా వచ్చింది. అయితే కీమోథెరపీ వాంతులకు, పేగువాపుకు కాదు. మాత్రతో నేరుగా అడ్డుకునే దారిలోనే ఇంకా రుజువు కాని ఫలితం, కళ్లు మూసుకుంటే వస్తుందని ఏ లెక్కన నమ్మాలి?

ధ్యానం చేసుకోండి, ఎవరూ వద్దనరు. మందులు మానిపించడమే అన్యాయం. మానితే జబ్బు తిరగబెడుతుంది. ఏళ్ల తరబడి అదుపులో లేని కొలైటిస్ పెద్దపేగు క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. పైగా "నీ మనసు బాగాలేదు" అనడమంటే తప్పును రోగి నెత్తిన రుద్దడమే. వెనకటి కర్మ సిద్ధాంతం చేసిందీ అదే.

ఆ గురువులను అడగండి: ఎంతమందికి నయమైంది? ఎంతమంది మధ్యలో మానేశారు? ఎవరితో పోల్చి చూశారు? రక్షణశాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి. జమ చూపి ఖర్చు దాచిన చిట్టాను ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ప్రాణాల లెక్కలో మనమెందుకు ఒప్పుకోవాలి?