మినహాయింపు వెనకే వచ్చే మరణం

2014 డిసెంబరు 16న పెషావర్ ఆర్మీ పబ్లిక్ స్కూలులో 130 మందికి పైగా పిల్లలను కాల్చి చంపినవారు దానికి కారణం కూడా చెప్పుకున్నారు. సైన్యం తమ కుటుంబాలను చంపుతోంది గనుక ఆ బాధ సైనికులకూ తెలియాలట. పిచ్చి కూతలని కొట్టిపారేయడం తేలికే. కానీ ఈ వాదం ఆకాశం నుంచి ఊడిపడలేదు.

హంతకులు ఆ మతం పేరు చెప్పుకున్నంత మాత్రాన ఇస్లాంలో యుద్ధానికి హద్దులే లేవనడం అజ్ఞానం. యుద్ధరంగంలో ఒక స్త్రీ శవాన్ని చూసి, స్త్రీలనూ పిల్లలనూ చంపరాదని ప్రవక్త నిషేధించినట్టు బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండూ చెబుతున్నాయి. సిరియాకు సేనను పంపుతూ తొలి ఖలీఫా అబూబకర్ ముసలివారి జోలికి వెళ్లొద్దన్నారు. మఠాల్లోని సన్యాసులను వదిలేయమన్నారు, కాయలు కాసే చెట్లను నరకొద్దన్నారు. తినడానికి తప్ప గొర్రెనూ ఒంటెనూ కోయొద్దన్నారు. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఇదంతా ఉంది. అలాగని ఆనాటి ధర్మశాస్త్రాన్ని జెనీవా ఒప్పందాలకు ప్రతిరూపంగా చూపడం కూడా నిజాయతీ కాదు. బందీలను బానిసలుగా చేసుకోవడాన్ని అది ఒప్పుకుంది. కోట మీద విసిరిన రాళ్లకు లోపలి సామాన్యులు చస్తే, యుద్ధావసరం పేరిట కొందరు పండితులు సర్దుకుపోయారు.

ప్రమాదం ఆ సర్దుబాటులోనే ఉంది. ఇజ్రాయెల్‌లో ఆడవాళ్లూ సైన్యంలో పనిచేస్తారు గనుక అది సైనిక సమాజమేనని, అక్కడి ఆత్మాహుతి దాడులు తప్పు కావని యూసుఫ్ అల్ ఖరదావీ సమర్థించారు. ఆయన అల్ ఖైదా మనిషి కాదు, 2001 సెప్టెంబరు 11 దాడులను ఖండించిన పండితుడు. ఆ మాటకు బలం వచ్చింది అందుకే. సౌదీ ప్రధాన ముఫ్తీ ఇలాంటి దాడులను తప్పుపట్టినా వినేవారు తక్కువయ్యారు. సెప్టెంబరు 11 దాడుల మరుసటి ఏడాదే బిన్ లాడెన్ పేరిట వచ్చిన లేఖ అదే తర్కాన్ని సాగదీసింది: అమెరికన్లు పన్ను కడతారు, ఓటు వేస్తారు, కాబట్టి అమాయకులు కారు! ఆ తర్వాత బాగ్దాద్ సంతల్లో షియాలు, సింజార్‌లో యజీదీలు, చివరికి పెషావర్ బడిపిల్లలు. గాజా విషయంలో కొందరు ఇజ్రాయెల్ నేతలు కూడా ఈ భాషే మాట్లాడారు గనుక ఇది ఒక్క మతానికి పట్టిన జబ్బు అనుకోనక్కరలేదు.

ఉలేమా (మత పండితులు) మౌనంగా ఉన్నారనడం అన్యాయం. 2008 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన జమియత్ ఉలేమా ఏ హింద్ మహాసభలో వేలాది మంది ఉగ్రవాద వ్యతిరేక ఫత్వాను బలపరిచారు. ఆ నెలాఖరున ముంబయిపై దాడిచేసి హతమైన 9 మంది ముష్కరులకు అక్కడి ముస్లిం ట్రస్టు తన శ్మశానంలో చోటివ్వలేదు. 2014లో 120 మందికి పైగా పండితులు ఐసిస్ నేత బాగ్దాదీకి బహిరంగ లేఖ రాసి, బానిసత్వాన్ని తిరిగి తేవడం నిషిద్ధమని తేల్చిచెప్పారు.

అయినా స్థూలమైన ఖండన చాలదు. శత్రువు మీద కోపం న్యాయమైనదే అయిన చోట సామాన్యులను చంపరాదన్న నిషేధం నిలుస్తుందా? టెల్ అవీవ్ బస్సులో కూర్చున్న ప్రయాణికుడికీ అది వర్తిస్తుందా? ‘అయితే’, ‘కానీ’ అనే మాటలు లేని జవాబు మదరసా పాఠాల్లోకి రావాలి, శుక్రవారం ఖుత్బాల్లో అరబ్బీలోనూ ఉర్దూలోనూ వినబడాలి.