పెత్రమాస బియ్యం ఎవరి పేరున?

పెద్దలను తలచుకునే అమావాస్య పెత్రమాస. ఆ పొద్దున తూర్పు హైదరాబాద్‌లోని మన్సూరాబాద్‌లో ఏ గుడి ముందు చూసినా వరుస ఉంటుంది. చేతిలో స్టీలు పళ్లెం, అందులో బియ్యం, పప్పు, చింతపండు, రెండు వంకాయలు, పైన దక్షిణ. అయ్యగారు అడిగేవి రెండే: గోత్రం, పెద్దల పేర్లు. నాన్న పేరు గబుక్కున వస్తుంది, తాత పేరూ వస్తుంది. ముత్తాత దగ్గరికొచ్చేసరికి చాలామంది పక్కకు జరిగి, ఊళ్లో ఉన్న చిన్నాయనకు ఫోన్ చేస్తారు. ఆ పేర్లు కలిసిన మట్టి ఇక్కడిది కాదు. సూర్యాపేటది, నకిరేకల్‌ది, దేవరకొండది, ఖమ్మంది. కోదాడ దాటి వచ్చినవాళ్లకైతే కృష్ణ అవతలి ఒడ్డుది. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పాటల్లో తలచుకునేదీ వదిలొచ్చిన ఊళ్లనే.

దసరాకూ సంక్రాంతికీ ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి చూడండి. బ్యాగులతో, పిల్లలతో, బస్సులకు ఎదురెళ్లే జనంతో విజయవాడ హైవే కిక్కిరిసిపోతుంది. జ్ఞాపకం కూడా ఆ సామానుతోపాటే బస్సెక్కి పోతుంది. నాలుగు రోజులకు తిరిగొచ్చేది పిండివంటలే.

తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. తూర్పు హైదరాబాద్ కాలనీలు ఇలాగే పుట్టాయి. పంచాయతీలుగా ఉన్న ఊళ్లు ఎల్బీనగర్ మున్సిపాలిటీలో కలిశాయి, 2007లో ఆ మున్సిపాలిటీ మహానగరంలో కలిసింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. వచ్చినవాళ్లకు ఇల్లు దొరికింది, పిల్లలకు చదువు దొరికింది. ఈ నేలను తలచుకునేవాళ్లు మాత్రం కరువయ్యారు. పాత ఊరి నడుమ బొడ్రాయి ఎక్కడుందో కాలనీల్లో ఎంతమందికి తెలుసు?

తలచుకోవడానికి ఇక్కడ గతమే లేదనుకుంటే పొరపాటు. మలక్‌పేట దాటాక ఎల్బీనగర్ మెట్రోలో వచ్చే ప్రకటనలు చెవినపెట్టి వినండి. ముసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, విక్టోరియా మెమోరియల్: ఒక్కో స్టేషన్ ఒక్కో స్మారకమే. కొత్తపేట దగ్గరి విక్టోరియా మెమోరియల్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కట్టించుకున్న భవనం, తర్వాత అనాథ పిల్లలకు నీడ అయింది. సరూర్‌నగర్‌కు ఆ పేరు నిజాం ప్రధాని అరిస్తూ జా భార్య సరూర్ అఫ్జా నుంచి వచ్చిందంటారు. మన్సూరాబాద్ ఆనుకుని ఉన్న హయత్‌నగర్ పేరులో కుతుబ్‌షాహీల రాణి హయత్ బక్షీ బేగం ఉంది, ఊళ్లో ఆమె మసీదు ఉంది. వనస్థలిపురం జింకల పార్కు ఒకప్పుడు నిజాముల వేటస్థలం. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా దానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. వేటగాళ్ల అడవికి అహింసామూర్తి పేరు పెట్టాలని తోచినవారెవరో గానీ, వారికో నమస్కారం.

వీటన్నిటిలో నా మనసు నిలిచిపోయేది ముసారాం దగ్గర. దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోని ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక సమాధి, దాని మీద ఏడు మీటర్ల రాతి స్తంభం, ఆ రాతి మీద రెండు పొడి అక్షరాలు. మిషెల్ జోషిం మారీ రేమండ్ అనే ఫ్రెంచి సైనికాధికారిది ఆ సమాధి. రెండో నిజాం కొలువులో చేరి, పటాలాలు పెంచి, ఫిరంగులు పోయించే కార్ఖానా పెట్టించాడు. ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అని పిలుస్తున్న పేట పేరు దాని చలవే. 1798 మార్చి 25న చనిపోయాడు. ఏడాది తిరగకుండానే ఇంగ్లీషువాళ్లు అతని పటాలాన్ని రద్దు చేయించారు.  పుట్టిన దేశం ఏడు సముద్రాల అవతల. అతన్ని తలచుకోవాల్సిన అవసరం లోకంలో ఎవరికీ లేదు.

అయినా తలచుకున్నారు. చుట్టుపక్కల హిందువులు అతన్ని మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. నోరు తిరగని మాన్సియర్ రేమండ్‌ను తమ నోటికి అనువుగా మలుచుకుని ఇంట్లో మనిషిని చేసుకున్నారు. ఏటా మార్చి 25న ఉర్సులాగా గుట్టెక్కి దీపాలు పెట్టేవారు, ఊదువత్తులు వెలిగించేవారు. నిజాం సైనికులూ వచ్చి వందనం చేసేవారని రాశారు. సమాధి దగ్గరి మండపం ఈ శతాబ్దం మొదట్లో వానలకు కూలిపోతే మళ్లీ కట్టారు.

ఇందులో నాకు కనిపించేది ఇది. ముసారాంను నిలబెట్టింది స్తంభం కాదు. స్తంభాలు నగరంలో చాలానే ఉన్నాయి, ఎవరివో అడిగితే చెప్పేవారు లేరు. ఒక తేదీ, ఆ తేదీన చేయాల్సిన చిన్న పని, నోట్లో ఇమిడే పేరు: ఈ మూడూ కలిస్తేనే జ్ఞాపకం తరాలు దాటుతుంది. నాలుగోది, అసలైనది, దత్తత. మా రక్తం కాకపోయినా మా నేల మీద పోయాడు కాబట్టి మావాడే అని ఇరుగుపొరుగు అనుకోవడం.

ఈ గీటురాయి మీద ఇటీవలి మన జ్ఞాపకాలను గీసి చూడాలి. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్ చౌరస్తాలో ఒంటికి నిప్పు పెట్టుకుని, డిసెంబర్ 3న కన్నుమూసిన కాసోజు శ్రీకాంతాచారి ఇక్కడివాడు కాదు. మోత్కూరు దగ్గరి పొడిచేడువాడు. తెలంగాణ ఉద్యమం అతన్ని దత్తత తీసుకుంది. ఏటా డిసెంబర్ 3న దండలు పడతాయి, 2023లో చౌరస్తాకు అతని పేరు ప్రకటించారు. వాహనదారు నోట ఇంకా ఎల్బీనగర్ చౌరస్తాయే. ఉత్తర్వుతో బోర్డు మారుతుంది, నాలుక మారడానికి ఇంకేదో కావాలి.

మరి దిల్‌సుఖ్‌నగర్? 2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం ఏడు గంటల వేళ. 107 నంబర్ బస్టాపు దగ్గర ఒక పేలుడు, కాసేపట్లోనే ఏ1 మిర్చి సెంటర్ దగ్గర మరొకటి. 18 మంది పోయారు, వందకు పైగా గాయపడ్డారు. జిల్లాల నుంచి కోచింగ్‌కు వచ్చిన పిల్లలతో, బస్సుకోసం నిలబడ్డవాళ్లతో కిటకిటలాడే సమయమది. 2016 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్ 8న హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. తీర్పు వచ్చిన ప్రతిసారీ దోషుల పేర్లు వరుసగా అచ్చయ్యాయి, మనకు కంఠతా వచ్చాయి. పోయిన 18 మందిలో ఒక్కరి పేరు చెప్పమంటే ఆ చుట్టుపక్కల పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లే తల గోక్కుంటారు. వాళ్లను తలచుకునే భారమంతా ఆ కుటుంబాల మీదే వదిలేశాం. కోర్టు తేదీలే మనకు తద్దినాలయ్యాయి.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, అది తేలికైనది కాదు. ఇలాంటి గాయాలను ఏటా కెలికితే పగ పెరుగుతుందే తప్ప ఏం ఒరుగుతుంది అంటారు. పెరుగుతుంది, తలచుకోవడం దోషుల చుట్టూ తిరిగితే. పోయినవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు, ఆ సాయంత్రం వాళ్లు వెళ్లాల్సిన చోటు చదివితే పగకు చోటు తక్కువ. ఒకే సమాధికి రామ్ అనీ రహీం అనీ రెండు పేర్లు పెట్టుకుని ఒకే రోజు దీపం పెట్టిన పేటలు ఇవి. ఆ పద్ధతి మనకు కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఐర్లాండ్ సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. 1840ల కరువులో ఆ దేశం పదిలక్షల మందిని పోగొట్టుకుంది, ఇంకో పదిలక్షల మంది ఓడలెక్కారు. ఆ దీవి జనాభా ఇప్పటికీ 1841 నాటి లెక్కను అందుకోలేదు. అందుకే అక్కడ చిన్న పట్నాలు, వెళ్లిపోయినవాళ్ల కోసం జ్ఞాపకాన్ని కాపలా కాస్తాయి. వేసవిలో ఒక ఆదివారం శ్మశానంలో సమాధులు శుభ్రంచేసి ప్రార్థన చేస్తారు, దూరాన ఉన్నవాళ్లు ఆ రోజుకు ఇంటికొస్తారు. అదీ పెత్రమాసలాంటిదే. మనది తిరగేసిన కథ. వాళ్లవి జనం ఖాళీ అయిన ఊళ్లు, మనవి జనం నిండిన ఊళ్లు. అయినా దత్తత వాళ్లకూ తెలుసు. 1847లో అమెరికాలో తమ నేల నుంచి తరిమేయబడ్డ చాక్టా తెగవాళ్లు ఐర్లాండ్ కరువుకు చందాలు పోగుచేసి పంపారు. 2017లో మిడిల్టన్ అనే చిన్న పట్నం ఆ సాయాన్ని తలచుకుని గుండ్రంగా నిలబెట్టిన తొమ్మిది పెద్ద ఉక్కు ఈకలను ఆవిష్కరించింది. ఆ తెగ మనుషులకూ ఆ ఊరికీ చుట్టరికమేమీ లేదు.

మన్సూరాబాద్‌కు అంతకన్నా పనికొచ్చేది ఐర్లాండ్‌వాళ్లు 1937లో మొదలుపెట్టిన పని. దేశమంతా దాదాపు ఐదు వేల బడుల్లో, యాభై వేల మంది పిల్లలకు నోటు పుస్తకాలిచ్చి, ఇంట్లో, వీధిలో పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మన్నారు. బావుల పేర్లు, పొలాల పేర్లు, పాత తుఫాన్లు, ఊరి చేతివృత్తులు. ఆ రాతలు ఇవాళ ఆ దేశపు గొప్ప భాండాగారాల్లో ఒకటి. ఖర్చు కాగితం, పెన్సిలే.

ఇది కాలక్షేపం పని కాదు. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు చుట్టూ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు దారితప్పి రాలేదు, పాత దారినే వచ్చాయి. ఆ దారి ఎటో మనం మరిచిపోయాం. మూసీకి అవతల అంబర్‌పేట బతుకమ్మకుంటను చూడండి. నీళ్లు లేక, చెత్త నిండి, కుంటే కాదు పొమ్మని కోర్టుల్లో వాదించేదాకా వచ్చినా జనం ఆ పేరు వదల్లేదు. 2025లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడ తవ్వితే నాలుగడుగుల లోపే నీరుబికింది. అదే ఏడాది బతుకమ్మ పండక్కి దాదాపు ఐదెకరాల్లో చెరువు మళ్లీ కళ్లబడింది. కుంటను రికార్డులు ఎంత కాపాడాయో ఆడవాళ్ల పాటా అంతే కాపాడింది.

వారసత్వ కట్టడాలకు 2017లో తెలంగాణ చట్టం చేసింది, మంచిదే. కట్టడాలు లేని చోట ఆ చట్టం చేతికి ఏమీ అందదు. 1986లో వచ్చిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్, 2022లో కూల్చివేసేదాకా, ఎండాకాలమంతా హైవే పొడుగునా మామిడి వాసన పంచింది. దానికి ఏ ఫలకం పెడతాం? హమాలీలు, కమీషన్ ఏజెంట్లు, బండ్ల మీద పండ్లమ్మినవాళ్లు ఇంకా ఈ బస్తీల్లోనే ఉన్నారు. వాళ్లను అడగాల్సింది ఇప్పుడే.

కాలనీ సంక్షేమ సంఘాలకు ఈ పని కష్టం కాదు. నీళ్ల కనెక్షన్లు, డ్రైనేజీ, వినాయకుడి మండపం ఇన్నేళ్లుగా నడిపిస్తున్న సంఘాలవి. ఆరో తరగతి పిల్లలకు తలా ఒక నోటు పుస్తకం ఇచ్చి పాత ఊళ్లోకి పంపొచ్చు. అరుగుల మీద కూర్చున్న తాతలూ అవ్వలూ ఇంకా ఉన్నారు. పుస్తకం మొదటి పేజీలో ఒక్క ప్రశ్న చాలు: పెద్దచెరువు అలుగు పారితే ఆ నీళ్లు ఎటు పోయేవి తాతా, మా అపార్ట్‌మెంట్ ఉన్నచోట అప్పుడు ఏముండేది?